చివరిదాకా వినే నంబరు

"గొంతు ఒక్కటే కదండీ మార్చింది. దానికి కూడా టెస్టింగేనా?" అని విసుక్కున్నాడు ఉదయభాస్కర్.

"ఏ ముక్క మార్చినా ఆ రోజే టెస్ట్ చెయ్యాలనుకున్నాం కదండీ," అంది టెస్టర్ ప్రిస్కిల్లా, స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా.

గోదావరికి వరదొస్తే లంక గ్రామాలవాళ్ళకి ఫోన్ చేసి హెచ్చరించే యాప్ అది. మధ్యాహ్నం ధవళేశ్వరంలో అధికారుల ముందు డెమో. అది తేలిపోతే రాజమండ్రిలో తమ చిన్న ఆఫీసుకి తాళమే. రెండు వారాలకో ముక్క రాసి, అప్పటికప్పుడే పరీక్షించుకుంటూ పోవాలని మొదట్లో పట్టుబట్టింది ఈవిడే. ఇన్నాళ్ళూ హెచ్చరిక చదివిందీ ఈవిడ గొంతే. డెమోకి కాస్త దర్జాగా ఉంటుందని ఉదయభాస్కర్ పొద్దున్నే కంప్యూటర్ గొంతు పెట్టాడు. పాపం, అదే అతని తప్పు.

ఈ చాదస్తానికో దండం అనుకుంటూ కాల్ బటన్ నొక్కాడు. టెస్ట్ కాల్స్ ఎప్పుడూ ప్రిస్కిల్లా ఇచ్చిన నంబరుకే వెళతాయి. లంకలో కూరగాయలు పండించే పెద్దాయనట. బంగారం లాంటి మనిషి, ఎప్పుడు చేసినా చివరిదాకా వింటాడు. మళ్ళీ వినాలంటే ఒకటి నొక్కమంటే, నొక్కి మరీ వింటాడు.

ఈసారి ఎత్తగానే పెట్టేశాడు. మళ్ళీ చేస్తే మళ్ళీ పెట్టేశాడు.

ఉదయభాస్కర్‌కి కోడంతా తిరగేసినా తప్పు కనబడలేదు.

"నిజంగా వరదొచ్చినప్పుడు ఇలా పెట్టేస్తే మనుషులు పోతారండి. ఓసారి ఫోన్ చేసి ఎందుకో కనుక్కోండి."

ప్రిస్కిల్లా మొహం చిన్నబోయింది. "నేను చేస్తే ఎత్తరండి. మీరే చెయ్యండి."

అదేం మాటో అతనికి అంతుబట్టలేదు. అడిగే తీరికా లేదు. స్పీకర్ పెట్టి తనే చేశాడు.

"నమస్కారమండి. వరద కాల్స్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాను. ఇందాక రెండుసార్లూ వినకుండానే పెట్టేశారు, ఏమైనా ఇబ్బందాండి?"



"ఇబ్బందేం లేదు బాబూ. ఎప్పుడూ చెప్పే అమ్మాయి ఇవాళ చెప్పలేదేంటి? ఒంట్లో బాగానే ఉందా?"

"ఉన్నారండి, ఇక్కడే..."

"అయితే నేనడిగానని మాత్రం దానికి చెప్పకండి. దాని పెళ్ళయినప్పట్నించీ మా తండ్రీకూతుళ్ళకి మాటల్లేవు."