రెండు గంటల లెక్క

వెయిటింగ్ రూములో పనిచేసే ప్లగ్గు ఒక్కటే. దాన్ని ఓ బూడిదరంగు పెట్టె ఆక్రమించుకుని కూర్చుంది.

టైలర్ చేతిలో ఫోను మూడు శాతం దగ్గర కొట్టుమిట్టాడుతోంది.

“ఇంకా ఎంతసేపండీ?”

“ఇప్పుడే పెట్టానన్నా. రెండింటికి నిండుతుంది.” పెట్టె మనిషి రైలు టిక్కెట్టు వెనక వేసిన లెక్క చూపించాడు. “బ్యాటరీ పట్టేది పది. ఛార్జర్ గంటకి ఎక్కించేది ఆరు. అంటే గంటా నలభై నిమిషాలు. వేడికి పోయేదానికి ఇంకో ఇరవై. మొత్తం రెండు గంటలు.”

“నిండితే లైటు వెలగదా?”

“లైటు ఎప్పుడో పోయింది. గడియారమే దిక్కు.”

టైలర్‌కు ఒళ్ళు మండింది. నాలుగు గంటల దూరంలో, ఆసుపత్రిలో భార్య ఉంది. బయటినుంచి తెప్పిస్తున్న ఇంజెక్షన్ ఈ సాయంత్రమే పడాలన్నారు. అత్తగారికి ఫోన్ చేసి కనుక్కుందామంటే ఈ పాటల పెట్టె ఒకటి అడ్డం. పెళ్ళిళ్ళలో చెవులు చిల్లులు పడేలా మోగేవి ఇలాంటివేగా!

“ఒక్క అరగంట ఇవ్వండి.”

“కుదరదన్నా. నా లెక్కలో ఒక్క నిమిషం కూడా ఎక్కువ లేదు. రెండూ పదికి రైలు. మీదీ అదేనా? రాత్రంతా కునుకు లేదు, రెండింటికి కాస్త లేపుతారా?”

బెంచీ మీద వాలిన అయిదు నిమిషాల్లో గురక మొదలైంది.

ఎక్కువ లేదట! టైలర్ లోలోపల నవ్వుకున్నాడు. మీటరు గుడ్డ చాలే జాకెట్టుకు మీటరుంపావు తెమ్మనడం, రేపు ఇవ్వగలిగింది ఎల్లుండి ఇస్తాననడం అతనికి ముప్ఫై ఏళ్ళ అలవాటు. చేతిలో కాస్త ఉంచుకోకుండా లెక్క చెప్పే పనివాడు భూమ్మీద ఉంటాడా?

అయినా వీడి పాటలు కాస్త ముందు ఆగిపోతే ఎవరి కొంప మునుగుతుంది?

ప్లగ్గు పీకేశాడు.

అరగంటకు ఫోను లేచి కూర్చుంది. అత్తగారు ఎత్తారు.

“సాయంత్రానికి అందుతుందట బాబూ. ఆ ఇంజెక్షన్ పడితే గండం గడిచినట్టేనన్నారు.”

టైలర్ మనసు కుదుటపడింది. పెట్టెను మళ్ళీ తగిలించాడు. మాట ప్రకారం సరిగ్గా రెండింటికి ఆ మనిషిని లేపాడు కూడా.

“నిండిందంటారా అన్నా?”

“రెండు గంటలైంది కదండీ.”

“మీరు లేకపోతే రైలు తప్పేది. మీ మేలు మర్చిపోను.”

ఎవరి బోగీలో వాళ్ళు ఎక్కారు.

ఆరున్నరకు టైలర్ ఆసుపత్రి చేరేసరికి అత్తగారు గోడకు చేరగిలబడి ఉన్నారు. తల ఎత్తలేదు. నర్సే చెప్పింది.

“మందు వచ్చిందండీ. కానీ పనికిరాదు. చల్లగా ఉండాల్సింది, దారిలో వేడెక్కిపోయింది.”

“మళ్ళీ తెప్పించండి!”

“మూడు రోజులు పడుతుంది.”

“అప్పటిదాకా ఆగొచ్చా?”

నర్సు చేతిలో కాగితాలు సర్దుకుంది.

టైలర్‌కు దుఃఖం, కోపం ఒక్కసారే ముంచుకొచ్చాయి. “తెచ్చిన వెధవ ఎవడు? సాటి మనిషి ప్రాణమంటే అంత చులకనా వాడికి?”

నర్సు వరండావైపు చూపించింది.

అక్కడ బెంచీ మీద, బూడిదరంగు పెట్టె ఒళ్ళో పెట్టుకుని, ఎక్కడ తప్పిందో తెలియక, ఆ మనిషి టిక్కెట్టు వెనక రెండు గంటల లెక్కను మళ్ళీ మొదటినుంచి వేసుకుంటున్నాడు.