కాజిమిర్ గారి ముంగిట మంచు

అమెరికాలో, మా బఫెలో ఊళ్ళో మంచు కురిస్తే, ముసలివాళ్ళ ముంగిట దారి పక్కింటివాళ్ళే తీసిపెడతారు. గుండె ఆపరేషనయిన కాజిమిర్ గారికి నేను తీసేదాన్ని. చీకటుండగానే వట్టి కాళ్ళతో అటూ ఇటూ నడిస్తే చాలు, నా పాదాల కింద మంచు కరిగిపోయేది. ఆయన మాత్రం నేను పారతో తీస్తున్నాననుకునేవారు.

"నీ నడుం పడిపోతుందే పిల్లా!" అంటూ గసగసాల రొట్టె చేతిలో పెట్టేవారు.

మొన్న గడ్డకట్టిన నదిలో పడ్డ పిల్లను నా చేతులతో వెచ్చబెట్టి బతికించాను. టీవీలో చూపించారు. ఇలాంటి శక్తులున్నవాళ్ళను ఊళ్ళోంచి తరిమెయ్యాలని అరిచేవాళ్ళందరికీ నా మొహం తెలిసిపోయింది.

ఇవాళ మళ్ళీ మంచు. అలవాటు కొద్దీ ఆయన దారంతా కరిగించి వచ్చాను. కాఫీ కలుపుకుంటుంటే పార చప్పుడు. కిటికీలోంచి చూస్తే ఆయనే, ఆయాసపడుతున్నారు.

పరుగెత్తాను. "నేను తీసేశాను కదండీ, మళ్ళీ మీకెందుకు? అసలే గుండె..."

"అక్కడే ఆగు! నువ్వు తొక్కిన నేల మీద నన్ను నడవమంటావా?"

పక్కనున్న మంచు తవ్వి, ఆరిన దారి మీద పోస్తున్నారు.

లోపలికొచ్చేసరికి కాఫీ చల్లారిపోయింది. కప్పు రెండు చేతులతో పట్టుకుంటే వేడెక్కేదే. చల్లగానే తాగేశాను.