చెరి సగం

"మార్టూరు పెళ్ళి వాడికి వెళ్తే నేనొప్పుకోనని చెప్పు," అన్నాడు మార్క్.

"బెన్నీ అన్న పక్కనే ఉన్నాడుగా, మీరే చెప్పండన్నా," అన్నాడు ఖలీల్.

"నువ్వే చెప్పరా."

చెప్పకుండానే విన్నాడు బెన్నీ. "ఆ పెళ్ళిలో డ్రోన్ ఎగరేసింది ఎవరో అడుగు ఖలీలూ," అని గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

ఖలీల్‌కి ఆ గోడకే తల బాదుకోవాలనిపించింది. ఇది మూడో రోజు. చీరాలలో పన్నెండేళ్ళుగా నడుస్తున్న ఆరాధన స్టూడియోని అన్నదమ్ములిద్దరూ విడగొట్టుకుంటున్నారు. కెమెరాలు పంచుకున్నారు, లైట్లు పంచుకున్నారు, చివరికి కుర్చీలు కూడా పంచుకున్నారు. మిగిలింది రెండొందల పద్నాలుగు పెళ్ళిళ్ళ ఫొటోలూ వీడియోలూ ఉన్న పాత హార్డ్‌డిస్కు. సోమవారం మార్క్ పేరాలలో, బెన్నీ స్టేషన్ రోడ్డులో వేరే షాపులు తెరుస్తారు. వచ్చినవాళ్ళకి చూపించడానికి పాత పెళ్ళిళ్ళుంటేనే కొత్త పెళ్ళిళ్ళు దొరుకుతాయి. అందుకని రెండు కొత్త డిస్కులు తెచ్చి, పంచమని ఎడిటర్ ఖలీల్ ముందు పడేశారు.

మొదటిరోజు పెళ్ళిళ్ళు లెక్కపెట్టి పంచాడు. మార్టూరు గ్రానైట్ వాళ్ళ పెళ్ళి తమ్ముడికి వెళ్ళిందని మార్క్ మొత్తం చెరిపించాడు. రెండోరోజు సంవత్సరాల వారీగా పంచాడు. కరోనా ఏడాది తన నెత్తిన పడిందని బెన్నీ చెరిపించాడు. గంటల తరబడి కాపీకి కాపలా కాయడం, ఒక్క మాటతో తుడిచెయ్యడం.

"పోనీ, ఇద్దరికీ మొత్తం చెరో కాపీ ఇచ్చేస్తా. గొడవుండదు," అన్నాడు విసిగిపోయి.

"నేను తీసింది వాడు తీసినట్టు చూపించుకోడానికా?" అన్నారిద్దరూ ఒక్కసారే. మూడు రోజుల్లో వాళ్ళకి కుదిరిన మాట అదొక్కటే.

ఖలీల్‌కి ఒళ్ళు మండింది. మండటం వెనకాల ఏడుపు కూడా ఉంది. తొమ్మిదేళ్ళ కిందట మౌస్ పట్టుకోవడం కూడా రాని తనకి ఎడిటింగ్ నేర్పింది మార్క్. రంజాన్ నెలలో ఏ ఊరి పెళ్ళిలో ఉన్నా, రోజా విడిచే వేళకి ఖర్జూరాలు వెతికి తెచ్చింది బెన్నీ. ఇప్పుడు ఎవరికి వాళ్ళు 'నా షాపుకి రా' అంటున్నారు. ఎటు వెళ్ళినా ఒక అన్న పోతాడు.

పంపకానికి పెద్దమనిషిగా వచ్చిన అన్నదమ్ముల మేనమామ తోమా మాస్టారు అప్పుడు గొంతు సవరించుకున్నారు.

"పొలం ఎట్టా పంచుతార్రా? మంచి చెక్క నీకు, చవుడు చెక్క నీకు అంటే ఎవడన్నా ఊరుకుంటాడా? ప్రతి చెక్కనీ నిలువునా చీలుస్తాం. మంచిదాంట్లో సగం, చెడ్డదాంట్లో సగం. ఇవీ అట్టాగే పంచవయ్యా ఖలీలూ."

"అట్టాగైతే నాకు సరే," అన్నాడు మార్క్.

"నాకూ సరే," అన్నాడు బెన్నీ గోడతో.

ఖలీల్ మాస్టారి వంక కాసేపు చూశాడు. తర్వాత కుర్చీ ముందుకు లాక్కుని, బొమ్మలూ బటన్లూ లేని నల్ల తెర తెరిచాడు. రెండు కొత్త డిస్కులూ తగిలించి, ఒక పొడుగాటి కమాండు టైపు చేశాడు. రెండు డిస్కులు, లెవెల్ సున్నా.

డిస్కు ఖాళీగా లేదు పొమ్మంది మిషన్. చెరిపేసినా నిన్నటి పంపకం ఇంకా దాన్ని పట్టుకునే ఉంది. ఖలీల్ పళ్ళు కొరుక్కుంటూ దాన్ని విడదీసి, మళ్ళీ మొదట్నించీ కొట్టాడు.

"ఆ సున్నా ఏందిరా?" అన్నాడు మార్క్ అనుమానంగా.

"ఎవరి దగ్గరా రెండో కాపీ ఉండదని అన్నా."

"అద్దీ!"

"మరి ముక్కలు ఏ సైజులో కోస్తున్నావు?" అన్నారు మాస్టారు.

"అరమెగాబైటు, మాస్టారూ. ఒక ముక్క ఇందులో, తర్వాతది అందులో."

"అంత సన్నంగానా! మా సర్వేయరు కూడా ఇంత నిక్కచ్చిగా కొలవలేదయ్యా."

ఈసారి కమాండు తీసుకుంది. కాపీ సాయంత్రం దాకా సాగింది. అన్నదమ్ములు చెరో హోటల్‌కి పోయి తినొచ్చారు. ఇద్దరూ మాస్టారికి చెరో పార్సిల్ తెస్తే ఆయన రెండూ తినలేక తంటాలు పడ్డారు.

"ఏదీ, మార్టూరు పెళ్ళి వెయ్యి," అన్నాడు బెన్నీ.

వీడియో చక్కగా తెరుచుకుంది. డ్రోన్ పందిరి మీదుగా లేచి, కొబ్బరాకుకి తగిలి, ఊరేగింపు బ్యాండు వాళ్ళ మధ్యలో కూలింది. మార్క్ పకపకా నవ్వాడు.

"అప్పుడు నువ్వు పెట్టిన కేకకి పెళ్ళికొడుకే పారిపోబోయాడురా!"

బెన్నీ కూడా నవ్వాడు. అంతలో ఇద్దరికీ తగువు గుర్తొచ్చి మొహాలు తిప్పుకున్నారు. ఖలీల్‌కి ఇద్దరినీ పట్టుకుని చెడామడా తిట్టాలనిపించింది. తిట్టలేదు.

"సమానంగా వచ్చాయా?" అన్నారు మాస్టారు.

ఖలీల్ లెక్క చూపించాడు. ఎవరికీ ఒక్క పిసరు ఎక్కువ లేదు. మాస్టారు కాగితం రాయించి ఇద్దరి చేతా సంతకాలు పెట్టించారు. పాత డిస్కు ఖలీల్ బీరువాలోనే ఉండాలనీ, ఎవరొచ్చి అడిగినా ఇవ్వకూడదనీ అందులో రాశారు.

మిషన్ ఆపి, డిస్కులు ఊడదీసి, చెరొకటి చేతిలో పెట్టాడు ఖలీల్. "సోమవారం షాపు తెరిచేటప్పుడు తగిలించుకోండన్నా. తేడా వస్తే ఫోన్ చెయ్యండి, నేనిక్కడే ఉంటా."

మార్క్ బండి ఒకవైపు పోయింది, బెన్నీ బండి రెండోవైపు పోయింది. తొమ్మిదేళ్ళలో వాళ్ళకి ఒక్క అబద్ధమూ చెప్పినవాడు కాదు ఖలీల్, ఇవాళా చెప్పలేదు.

కాకపోతే, ప్రతి ఫొటోలో సగం ముక్కలు ఒకదాంట్లో, సగం రెండోదాంట్లో ఉన్నాయి. ఆ రెండు డిస్కులూ ఒకే మిషన్‌కి తగిలిస్తే తప్ప ఒక్క ఫొటో కూడా తెరుచుకోదు.