చచ్చిన పడవవాడు

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం, ఏదో ఒక ఆదివారం ఆ ముగ్గురూ ఇక రామని చెప్పేస్తారని.

ఆ ఆదివారం రానే వచ్చింది.

“ఆపెయ్,” అంది టైలరక్క, బల్ల మీద దొర్లుతున్న పాచిక మీద అరచెయ్యి బోర్లించి. “ఈ ఆట ఇక్కడితో ఆపెయ్.”

చంకలో బిడ్డతోనే ఆమె బల్ల దగ్గరికి జరిగింది. “ఏమైందక్కా? ఇప్పుడేగా ఏటి ఒడ్డుకొచ్చారు? పడవవాడు రమ్మని పిలుస్తున్నాడు కూడా.”

“ఆ పడవవాడు పోయిన వారమే చచ్చిపోయాడమ్మా,” అన్నాడు లెక్కల మాస్టారు, కళ్లజోడు పైకి తోసుకుంటూ. “మొసలి మింగింది. మనందరం బాధపడ్డాం.”

“చచ్చినవాడు తెడ్డేస్తానంటే ఎక్కేదెలా తల్లీ?” అన్నాడు బస్సు డ్రైవర్. “నేనూ బండి తోలేవాణ్ణే. తోలేవాడు బతికున్నాడో లేడో చూసుకోకుండా నేనెక్కను.”

ముగ్గురూ నవ్వారు. ఆమెకు నవ్వు రాలేదు.

నాలుగేళ్ల ఆట అది. పాత క్యాలెండర్ వెనక గీసిన పటం, దాని మీద వేలెడంత గుడ్డబొమ్మలు. అన్నీ టైలరక్క మిగులు గుడ్డలతో కుట్టినవే. నల్లది టైలరక్క ఆడే దొంగ. ఎర్రది డ్రైవర్ ఆడే వస్తాదు. జేబున్న నీలంది మాస్టారి మాంత్రికుడు. తలుపు వెనక ఏముందో, ఏట్లో ఏముందో చెప్పేది ఆమె. ఆ తలుపు తెరుచుకుందో లేదో తేల్చేది పాచిక. కథ చెప్పే మనిషికి బొమ్మ ఉండదు.

మొదటిరోజే ఆమె ఒక రూలు పెట్టింది. ఆటకు రానివాళ్ల బొమ్మ నిద్రపోయినట్టు లెక్క. నిద్రపోయినవాళ్లను అడవిలో వదిలెయ్యకూడదు, మిగతావాళ్లు వీపున మోసుకెళ్లాలి. డ్రైవరుకు సెలవు దొరకని వారాల్లో ఆ వస్తాదును మోసి మోసి తన దొంగకు నడుం పడిపోయిందని టైలరక్క ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

బిడ్డ పుట్టాక కూడా ఆమె ఆట తప్పనివ్వలేదు. మొగుడు ఫ్యాక్టరీ షిఫ్టుకు వెళ్లిపోతే వారమంతా పాలు, తడిగుడ్డలు, ఉలికిపాట్లు. ఈ ఒక్క మధ్యాహ్నమే ఆమె ఏరు పారమంటే పారేది, కొండ జరగమంటే జరిగేది.

“పొరపాటైపోయింది మాస్టారూ. మొసలి కక్కేసిందనుకోండి,” అంది. “ఒక్క నిమిషం...” అంటూ బిడ్డను ఉయ్యాల్లో పడుకోబెట్టి, ముక్కు కింద వేలు పెట్టి చూసింది. ఊపిరి వెచ్చగా తగిలింది. రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కి వెళ్లి మళ్లీ చూసింది.

ముగ్గురూ మొహమొహాలు చూసుకోవడం ఆమె కంట పడనే పడింది.

“ఇకమీద అన్నీ గుర్తుపెట్టుకుంటాను అక్కా. ఆట మాత్రం ఆపొద్దు. మీరు కూడా రాకపోతే నాకు...”

“నువ్వేం చెప్పొద్దు. ఇవాళ కథ చెప్పేది డ్రైవర్ బాబాయ్,” అంది టైలరక్క.

ఆమె తేరుకునేలోపే డ్రైవర్ వెళ్లి ఆమె కుర్చీలో కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు. “అనగనగా అడవిలో... అడవిలో ఒక బస్టాండు ఉంది.”

“అడవిలో బస్టాండేంటయ్యా?” అన్నాడు మాస్టారు.

“నాకొచ్చిన కథ నేను చెప్తా. నచ్చకపోతే దిగిపో.”

ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. ఆట పోలేదు, తానే పోయింది. నాలుగేళ్లు తాను కట్టిన అడవిలో ఇప్పుడు తనకు నిలబడే చోటు లేదు. కళ్లు మండాయి. బిడ్డను చూసే వంకతో ఉయ్యాల వైపు తిరిగింది.

“ఆ బస్టాండులో బెంచీ మీద ఎవరో ఉన్నారు,” అన్నాడు డ్రైవర్ గొంతు పెంచి. “ఎవరో చూస్తారా?”

“చూడక! దానికోసమేగా వచ్చాం,” అంటూ టైలరక్క సంచిలోంచి కొత్త బొమ్మ ఒకటి తీసి పటం మీద పెట్టింది. పసుపురంగుది. ఈ ఇంటి ఉయ్యాలకు కుట్టిన గుడ్డలో మిగిలిన ముక్క. వీపున చిన్న మూట, ఆ మూటలోంచి బఠాణీ గింజంత తల.

“ఇదెవరిది?” అంది ఆమె.

“ఎవరిదేంటి, నీదే. తీసి చూడు.”

ఆమె తీసి చూసింది. మిగతా బొమ్మలన్నిటికీ గుండ్రటి పూసల కళ్లు. దీనికి మాత్రం రెండు కళ్లూ మూసి కుట్టి ఉన్నాయి.

“అయ్యయ్యో, ఈవిడ నిద్రపోతోందే!” అన్నాడు మాస్టారు, ఏమీ తెలియనట్టు. “అయితే మనమే మోయాలి. రూలు రూలే.”

“బాబాయ్ వస్తాదు కంటే ఈ పిల్లే నయం, బరువు లేదు,” అంది టైలరక్క. అప్పటికే ఉయ్యాల పక్కకు కుర్చీ జరుపుకుంది. “ముక్కు కింద వేలు పెట్టి చూడటం నాకూ వచ్చు. లోపలికెళ్లి పడుకో. నువ్వు లేచేదాకా ఏరు దాటం. లేచాక నీ కుర్చీ నీదే, ఆ పడవవాణ్ణి బతికిస్తావో చంపుతావో నీ ఇష్టం.”

అన్నట్టు, మీకు తెలిసిన ఇంట్లోనూ ఒక పసిబిడ్డ ఉండే ఉంటుంది. బిడ్డ నిద్రపోయిందా అని అందరూ అడుగుతారు. మీరు మాత్రం ఒకసారి వెళ్లి, తల్లి నిద్రపోయిందో లేదో చూసి రండి.