ఒక్కటీ మిగలకుండా

"ఇదిగో, చూసుకో! ఒక్కటంటే ఒక్కదాన్ని వదల్లేదు," అంటూ అత్తగారు సబ్బునీళ్ళ చెంబును కోడలి చేతిలో పెట్టింది.

కోడలు చెంబులోకి తొంగి చూసింది. నల్లటి ఒళ్ళు, వీపు మీద ముళ్ళు, నారింజ మచ్చలు. అన్నీ అక్షింతల పురుగు పిల్లలే. చిక్కుడు పాదుల్ని పీల్చేస్తున్న పేనుబంకను తింటాయని తనే ఎక్కడెక్కడో వెదికి తెచ్చి వదిలినవి.

"ఇవి... మీరే ఏరారా అత్తయ్యా?"

"మరెవరనుకున్నావు? ఆ సన్న పేనుబంక నా కళ్ళకు ఆనదుగానీ, దాని మధ్య తిష్ఠ వేసిన ఈ దొంగమొహాలు భలే దొరికాయి! మందు కొట్టకుండా పురుగు పోతుందా అని నిన్ను ఆడిపోసుకున్నాను. చేతులుండగా మందెందుకే? పొద్దుట్నించీ నడుం ఎత్తలేదు."

కుళాయి దగ్గర మగడు మందు కొట్టే డబ్బా కడుగుతున్నాడు. కిందటిసారి అది వీపున ఉండగానే సాళ్ళ మధ్య నురగలు కక్కుతూ పడిపోయాడు. పేనుబంక తగ్గకపోతే రేపు మళ్ళీ ఎత్తక తప్పదన్నాడు.

అత్తగారు గొంతు తగ్గించింది. "ఇక వాడు ఆ డబ్బా ఎత్తక్కర్లేదుగా?"

కోడలు ఆవిడ చేతుల వంక చూసింది. అత్తగారి వేళ్ళు సబ్బునీళ్ళకు నాని ముడతలు పడ్డాయి. ఆవిడ జాకెట్టు చేతిమీద ఒక పురుగు పిల్ల ఇంకా పాకుతోంది. కోడలు దాన్ని మెల్లగా అరచేతిలోకి ఎక్కించుకుంది.

"అయ్యో, ఒకటి మిగిలిందే! ఇలా తే, నలిపేస్తాను," అంటూ అత్తగారు చెయ్యి చాచింది.

కోడలు గుప్పిట మూసుకుంది, గట్టిగా బిగించకుండా.