మూలన ఒక కుర్చీ

బిల్లు అలా బల్ల మీద పెట్టారో లేదో, పక్కన కూర్చున్న పెద్దాయన చటుక్కున లాగేసుకున్నాడు.

నెవేనాకు ఒళ్ళు మండింది.

“ఏమండీ, అది నా కాఫీ బిల్లు!”

“తెలుసమ్మా. నీష్‌లో అతిథి పర్సు తీస్తే ఊరి పరువు పోతుంది.”

“నేను అతిథినని మీకెవరు చెప్పారు?”

“వేడి కాఫీని రెండు గుక్కల్లో తాగేసే తొందర బెల్‌గ్రేడ్ వాళ్ళకి తప్ప ఇంకెవరికుంటుంది?” అంటూ ఆయన తన కుర్చీని చొరవగా ఇటు జరుపుకున్నాడు. “నా పేరు రాదిషా. ఇందాక మీరు ఫోన్లో అరుస్తుంటే విన్నాను. విన్నానేమిటి, కాఫీ హోటలంతా విన్నది. మనుషులు దొరకడం లేదా?”

నిజమే, దొరకడం లేదు.

నెవేనా పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీ రెండో ఆఫీసు తెరవాలనుకుంటోంది. డైరెక్టర్లంతా సరిహద్దు దాటి బల్గేరియాలోని సోఫియాలో పెడదామన్నారు. ఈవిడ ఒక్కతే బల్ల గుద్ది మరీ నీష్ అంది. సరే, ఈ వారంలో మంచి జట్టును చూపించు, లేదంటే సోఫియాయే అన్నారు.

తీరా వచ్చి చూస్తే, ఎవరిని పిలిచినా ఒకటే పాట. “వచ్చే నెల జర్మనీ వెళ్ళిపోతున్నాం మేడమ్.”

అయినా నెవేనా వెనక్కి తగ్గే రకం కాదు. పట్టిందంటే వదలదు.

“నాకు తెలిసిన పిల్లలున్నారు” అన్నాడు రాదిషా. “బంగారం లాంటి పిల్లలు. కలిసి పనిచేయడం అలవాటైన వాళ్ళు. రేపు పంపించనా?”

“మీ కమిషన్ ఎంత?”

ఆయన పకపకా నవ్వాడు.

“కమిషన్ లేదు గానీ షరతుంది. ఏడాది తిరక్కుండానే వాళ్ళందర్నీ బెల్‌గ్రేడ్‌కి లాక్కుపోకూడదు.”

“మీకెందుకండీ అంత పట్టింపు?”

“ఒకసారి బస్టాండుకెళ్ళి చూడండమ్మా. జర్మనీ వెళ్ళే మ్యూనిక్ బస్సు కదిలిన ప్రతిసారీ ఈ ఊరు కాస్త ఖాళీ అవుతుంది. ఈ పిల్లల్ని మాత్రం ఆ బస్సెక్కనివ్వను. నా పంతమంతే.”

ఊరికే సాయం చేసేవాడు సెర్బియాలో ఎక్కడున్నాడు? ప్రతి పనికీ మధ్యన ఒకడుంటాడు, వాడికో వాటా ఉంటుంది. పైకి చెప్పడు గానీ ఇతనూ అంతేలే అనుకుంది నెవేనా.

మర్నాడు పిల్లలు వచ్చారు.

ఇచ్చిన చిక్కుముడినల్లా అవలీలగా విప్పేశారు. ఒకరు తడబడితే ఇంకొకరు అందుకున్నారు. నెవేనాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

“ఇంతకుముందు ఎక్కడ చేశారు?”

“ఇక్కడే మేడమ్, చిన్న కంపెనీ. విదేశాల పని ఆగిపోయి మూతపడింది” అంది ఆంజెలియా అనే అమ్మాయి. అంతకు మించి ఎవరూ నోరు విప్పలేదు.

సాయంత్రం రాదిషా బురెక్ అనే వేడి వేడి పొరల రొట్టె పొట్లంతో ఊడిపడ్డాడు.

“ఎలా ఉన్నారు మా వాళ్ళు?”

“అద్భుతం! ఇలాంటి జట్టును చేతులారా పోగొట్టుకున్న ఆ యజమాని ఎవరో గానీ, ఒట్టి చేతకానివాడు!”

రాదిషా పొట్లం విప్పుతూ ఒక్క క్షణం ఆగాడు.

“నిజమేనమ్మా. చేతకానివాడే” అని, పెద్ద ముక్క ఆమె వైపు జరిపాడు. “తినండి, చల్లారితే బాగుండదు.”

వెళ్ళబోతూ గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

“అన్నట్టు, మీ కొత్త ఆఫీసులో మూలన ఒక కుర్చీ... నా వయసు వాడికి దొరుకుతుందంటారా?”

“అదిగో, బయటపడ్డారు!” నెవేనా నవ్వేసింది. “ఎప్పుడు అడుగుతారా అనే చూస్తున్నాను. మధ్యవర్తులకు మా దగ్గర కుర్చీలుండవండీ.”

“అడిగితే పోయేదేముంది!” అని ఆయనా నవ్వేసి వెళ్ళిపోయాడు.

నెవేనా మాట నెగ్గింది. డైరెక్టర్లు కిక్కురుమనకుండా సంతకాలు పెట్టారు. నది ఒడ్డున కొత్త ఆఫీసు వెలిసింది. ప్రారంభోత్సవానికి ఊళ్ళో పెద్దలందరినీ పిలిచింది, రాదిషాను తప్ప. మధ్యవర్తిని ఎవరైనా రిబ్బన్ దగ్గరికి పిలుస్తారా?

రిబ్బన్ కత్తిరించాక పెద్ద డైరెక్టర్ ఆమెను పక్కకు పిలిచాడు.

“నువ్వు గెలిచావమ్మా, ఒప్పుకుంటున్నా. ఇక ఈ ఆఫీసుకో పెద్ద దిక్కు కావాలి. ఈ పిల్లల్ని ఇలా తయారు చేసినవాడు ఎవడో ఉండే ఉంటాడు. వాణ్ణి పట్టుకో. ఆ గాజు గది వాడిదే.”

అంత మంచి ఆలోచన తనకెందుకు రాలేదా అనుకుంటూ నెవేనా ఆంజెలియా దగ్గరికి పరుగెత్తింది.

“మీకు పని నేర్పిందెవరు?”

“మా పాత యజమానే మేడమ్. రాదిషా బాబాయ్.”

చేతకానివాడే అంటూ ఆయన పొట్లం విప్పిన చేతులు నెవేనా కళ్ళ ముందు మెదిలాయి. సిగ్గుతో ముఖం కాలిపోయింది.

“మరి... ఒక్కరైనా చెప్పలేదేం?”

“వద్దన్నాడు మేడమ్. సిఫారసు మీద వచ్చారన్న మాట మా మీద పడకూడదు, మా పనే మాట్లాడాలి అన్నాడు.”

“వెంటనే ఫోన్ చెయ్యి! మూల కుర్చీ ఏమిటి, ఆ గది మొత్తం ఆయనదే! ఎక్కడున్నాడు?”

ఆంజెలియా తల దించుకుంది.

“ఈ వయసులో తనకు ఇక్కడెక్కడా కుర్చీ లేదని తేలిపోయిందన్నాడు మేడమ్. పొద్దున్నే మేమంతా వెళ్ళి మ్యూనిక్ బస్సెక్కించి వచ్చాం.”