ఎరుపు వద్దన్నాను

మద్దేడ్ ఊళ్లో ఆరోగ్య కార్యకర్తగా మా వరండాలో పిల్లలకు మలేరియా మాత్రలు ఇస్తున్నాను. ఈ మాత్ర కొందరికి పడదు. మింగితే రక్తకణాలు పగిలి ప్రాణం మీదికి వస్తుంది. అలాంటివాళ్ల పేర్ల ముందు ఫోన్‌లో స్టార్ గుర్తు పెట్టమని నా మనవరాలు శిరీషకు ఎప్పుడో చెప్పాను.

వరుసలో మొదటి పిల్ల లలిత నోరు తెరిచింది. మాత్ర నాలుక దాకా తీసుకెళ్లి ఆగాను. పేర్లన్నీ అయిపోయినా ఒక్క స్టారూ తగల్లేదు.

"శిరీషా, స్టార్లు ఏవే?"

"తీసేసిన అమ్మమ్మా. ఏంది ఆ పాతకాలపు గుర్తులు? కొత్త యాప్‌ల రంగులున్నయ్. పడనోళ్ల పేర్లు ఎర్రగ పెట్టిన."

"రంగులు వద్దని ఎన్నిసార్లు చెప్పిన?"

"నీది ఉత్త మొండితనం! ఫోన్ నీ చేతిలనే ఉన్నది. లలిత పేరు ఎర్రగ మెరుస్తలేదా? సూడరాదూ?"

మాత్రను పిడికిట్లో మూసేశాను. లలితను పక్కకు జరగమన్నాను.

కొంగు చాటున నా చెవిలో ఉన్న ఇయర్‌ఫోన్ అప్పుడు శిరీష కంటపడింది. లాగి తన చెవిలో పెట్టుకుంది. ఫోన్ పేర్లు చదువుతోంది. స్టార్ ఉంటే "స్టార్" అని పలికేది. ఎరుపును పలకలేదు. లలిత పేరు కూడా అందరి పేర్లలాగే వెళ్లిపోయింది.

"ఎప్పటి సంది కనబడ్తలేదు, అమ్మమ్మా?"

మాత్రల పళ్లెం తడుముకుని ఆమె వైపు జరిపాను.

"పోయిన వానకాలం నుంచి. ముందు స్టార్లు పెట్టు."